జంట ఎస్‌యూ కార్బురేటర్లు ఇంట్లోనే ట్యూన్ చేసుకోవడం ఎలా?

బెజవాడ ఆటోనగర్‌లో దొరకని స్పేరు, అవ్వని రిపేరు ఉండదని పేరు. కానీ బానెట్ ఎత్తి, గాలిలో పెట్రోల్ కలిపి ఇంజిన్‌కి అందించే ఎస్‌యూ కార్బురేటర్లు పక్కపక్కనే రెండు చూపిస్తే కొత్తతరం మెకానిక్ ఒకడుగు వెనక్కేస్తాడు. "ఒకటి పీకేసి సింగిల్ వేసేద్దాం సార్, టెన్షన్ ఉండదు" అంటాడు. తప్పు అతనిది కాదు. కార్బురేటర్ అక్కర్లేని ఇంజెక్షన్ బళ్లు వచ్చాక పనిలోకి దిగిన కుర్రాడికి వీటితో పనెప్పుడు పడింది? మీరే చేసుకోండి. పెద్ద సామానేమీ అక్కర్లేదు. మూరెడు రబ్బరు గొట్టం, నాలుగు పానాలు, ఒక ఆదివారం పొద్దున్న కావాలి.

నా బండి అంబాసిడర్. దాని 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ ఇంగ్లండు కంపెనీ బీఎంసీ వాళ్ల బి-సిరీస్. ఎంజీబీ స్పోర్ట్స్ కారులోని 1798 సీసీ ఇంజినూ ఆ కుటుంబానిదే, మనదానికి అన్న వరస. 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారులో అయితే ఇదే 1489 సీసీ ఇంజిన్‌కి జంట ఎస్‌యూలు కంపెనీలోనే బిగించి ఇచ్చారు. అందుకే నేను ఎంజీబీ మానిఫోల్డు (కార్బురేటర్ల నుంచి ఇంజిన్‌లోకి దారి చేసే గొట్టం), దాని మీది ఒకటిన్నర అంగుళం హెచ్‌ఎస్4 కార్బురేటర్లు రెండూ తెచ్చి మన హెడ్డుకి, అంటే సిలిండర్ల మీది మూతకి బిగించాను. మీది ఎంజీ అయినా, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అయినా, మినీ కూపర్ అయినా పద్ధతి ఇదే. అంకెలు మాత్రం మీ బండి మాన్యువల్‌వే తీసుకోండి.

ముందు ఇది ఎలా పనిచేస్తుందో

ఎస్‌యూ అంటే స్కిన్నర్స్ యూనియన్. ఇంగ్లండులో చెప్పుల వ్యాపారం చేసే స్కిన్నర్ల కుటుంబం 1905 ప్రాంతంలో దీన్ని తయారుచేసింది. మొదటి కార్బురేటర్లలో పిస్టన్‌కి బదులు తోలు తిత్తి ఉండేదంటే ఆశ్చర్యం లేదు, తోలు వాళ్లింట్లో సరుకే కదా.

ఇప్పటిదాంట్లో పైన గంటలాంటి డబ్బా, దాన్ని డాష్‌పాట్ అంటారు. లోపల పిస్టన్. ఇంజిన్ గాలి ఎక్కువ పీల్చినప్పుడు పిస్టన్ పైకి లేస్తుంది, తగ్గితే దిగుతుంది. పిస్టన్ అడుగున పెన్సిల్ ముల్లులా సన్నబడే నీడిల్ ఒకటి, పెట్రోల్ వచ్చే సన్నటి గొట్టం జెట్‌లోకి దిగి ఉంటుంది. పిస్టన్ లేచేకొద్దీ నీడిల్ సన్నటి భాగం జెట్ మూతి దగ్గరికొస్తుంది, చుట్టూ సందు పెరిగి పెట్రోల్ ఎక్కువ వస్తుంది. అంతే. ఒకే జెట్, ఒకే నీడిల్. ఆ జెట్‌ని కాస్త పైకో కిందికో జరపడమే మనం చేసే మిక్చర్ (గాలి, పెట్రోల్ పాళ్లు) ట్యూనింగ్.

బి-సిరీస్ హెడ్డులో నాలుగు సిలిండర్లకి ఇన్‌లెట్ దారులు రెండే. ముందు కార్బురేటర్ 1, 2 సిలిండర్లకి, వెనకది 3, 4కి. ఇది గుర్తుపెట్టుకోండి, చివర్లో ప్లగ్గులు విప్పినప్పుడు పనికొస్తుంది. రెండూ ఒకే కాడికి కట్టిన జోడెద్దులు. ఒకటి లాగుతుంటే రెండోది నడుం వాల్చిందనుకోండి, బండి నడుస్తుంది, కానీ ఎలా నడుస్తుందో మీకే తెలుసు. మిక్చర్ కంటే ముందు రెంటి గాలీ సమం చెయ్యమని చెప్పేది అందుకే. చాలామంది నేరుగా జెట్ నట్టు మీద చెయ్యేసి, సాయంత్రానికి బండిని తోసుకుంటూ తీసుకెళతారు. నేనూ తోశాను.

కార్బురేటర్ ముట్టుకునే ముందు

మిస్సింగ్ (ఇంజిన్ తడబడటం) అనగానే కార్బురేటర్ మీద పడతాం గానీ, అందులో సగం పాపం నిప్పురవ్వ ఇచ్చే ఇగ్నిషన్‌ది. కాబట్టి ముందు టాపెట్లు, అంటే వాల్వుల దగ్గరి సందు చూడండి, బి-సిరీస్‌కి 0.015 అంగుళం. డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్ల సందు 0.014 నుంచి 0.016 అంగుళం. టైమింగ్ లైటు పెట్టి, ప్లగ్గులో రవ్వ పుట్టే టైమింగ్ చూడండి. కంప్రెషన్ (లోపల గాలి నొక్కుకునే ఒత్తిడి) నాలుగు సిలిండర్లలోనూ దగ్గరదగ్గరగా ఉండాలి. ఒక సిలిండర్ చచ్చి ఉంటే ఎంత ట్యూన్ చేసినా బూడిదలో పోసిన పన్నీరే.

తర్వాత గాలి లీకులు. పాత ఎస్‌యూలలో, యాక్సిలరేటర్ తొక్కితే తిరిగే థ్రాటిల్ కడ్డీ రెండు చివరలా అరిగి, ఆ సందులోంచి దొంగగాలి లోపలికి పోతుంది. కడ్డీని రెండు వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ ఆడించండి. లొడలొడలాడితే దాన్ని పట్టి ఉంచే బుష్‌లు పోయినట్టే. ఇంజిన్ ఐడ్లింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఆడుతూ) ఉండగా కడ్డీ చివర ఇంజిన్ ఆయిల్ రెండు చుక్కలు వేయండి. సౌండ్ మారితే లీకు ఖాయం. కొందరు స్ప్రేలు కొట్టి చూస్తారు. వద్దు. ఈ ఇంజిన్‌లో కార్బురేటర్ల కిందే ఎగ్జాస్టు ఉంది, మండే స్ప్రే దాని మీద పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. బుష్‌లు అరిగితే మాత్రం ట్యూనింగ్ అక్కడితో ఆపి బాడీలు తీసుకెళ్లి లేత్ షాపులో ఇవ్వండి. కొత్త బుష్ వేసి కడ్డీకి సరిపోయేలా బోర్ చేయడం ఆటోనగర్ లేతు వాళ్లకి చిటికెలో పని, కార్బురేటర్ పేరు తెలియకపోయినా సరే.

ఇంకో మాట. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఈ పని పెట్టుకోకండి. పైవాళ్లు తిడతారని కాదు, తిడతారు అది వేరే సంగతి. ఇంజిన్ గంటసేపు ఆడుతుంది, మూసిన చోట ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. బండి బయట పెట్టండి. పక్కన మంటలార్పే సిలిండర్ ఒకటి ఉంచుకోండి. ఎండాకాలమైతే ఆరింటికే మొదలెట్టండి. పదయ్యాక బెజవాడ ఎండలో బానెట్ మీద చెయ్యి వేయలేరు, లైన్లో పెట్రోల్ కూడా ఆవిరైపోయి మిమ్మల్ని తికమక పెడుతుంది.

శుభ్రం చేయడం

ఎయిర్ ఫిల్టర్లు రెండూ విప్పండి. డాష్‌పాట్ స్క్రూలు తీసేముందు డబ్బాకీ బాడీకీ కలిపి ఒక గీత గీసుకోండి, మళ్లీ అదే వాటంలో కూర్చోవాలి. ఇప్పుడు ముందుది మొత్తం విప్పి, కడిగి, బిగించి, ఆ తర్వాతే వెనకది ముట్టుకోండి.

ఎందుకంటే ఒకసారి నేను రెండూ ఒకే స్టీలు పళ్లెంలో వేసి కడిగాను. మెరిసిపోయాయి. ఏ పిస్టన్ ఏ డబ్బాదో మాత్రం తెలియలేదు. ఈ పిస్టన్లూ డబ్బాలూ జతగా అమర్చినవి, సందు వెంట్రుకంత. తారుమారైతే ఒకటి పట్టేస్తుంది, ఇంకోటి వదులుగా గాలి వదిలేస్తుంది. ఆ రోజు బండి ఐడ్లింగ్‌లో నిలబడితే ఒట్టు. రెండు గంటలు జెట్ నట్లు తిప్పాక గానీ పళ్లెం సంగతి తట్టలేదు.

పిస్టన్‌నీ డబ్బా లోపలనీ పెట్రోల్‌లో ముంచిన గుడ్డతో తుడవండి. ఎమరీ పేపరు పొరపాటున కూడా వద్దు. బిగించాక పైన డాంపర్ (మూతకి ఉండే సన్నటి కడ్డీ) తీసేసి, వేలితో పిస్టన్ ఎత్తి వదలండి. సాఫీగా జారి, గొంతులో అడ్డంగా ఉండే గట్టు మీద 'టక్' మని పడాలి. ఆ టక్ వినపడకపోతే నీడిల్ జెట్‌ని రాసుకుంటోందన్నమాట. నీడిల్ ఊగకుండా బిగిసి ఉండే పాత రకాల్లో అయితే జెట్‌ని మధ్యకి తెచ్చుకోవాలి. అడుగున జెట్ బేరింగ్‌ని పట్టే పెద్ద నట్టు వదులు చేసి, నట్టుతో జెట్‌ని పూర్తిగా పైకి తెచ్చి, పిస్టన్‌ని మెల్లగా కిందికి నొక్కి పట్టుకుని మళ్లీ బిగించండి. టక్ వచ్చేదాకా ఎన్నిసార్లయినా. స్ప్రింగుతో ఒక పక్కకి వాలే నీడిల్ ఉన్నవాళ్లకి ఈ బాధ లేదు.

డాంపర్ ఆయిల్: పిస్టన్ మధ్యలోని గుల్ల కడ్డీలోకి పోయాలి. 20డబ్ల్యూ50 ఇంజిన్ ఆయిల్ చాలు. కొందరు ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో వాడే ఏటీఎఫ్ ఆయిల్ పోస్తారు. చలిదేశాల్లో ఏమో గానీ, మన మే నెలలో అది నీళ్లలా పల్చబడిపోతుంది. ఈ ఆయిల్ పని పిస్టన్‌ని గబుక్కున లేవనివ్వకపోవడం. యాక్సిలరేటర్ తొక్కగానే పిస్టన్ ఒక్క క్షణం తటపటాయిస్తే, ఆ క్షణంలో జెట్ మీద లాగుడు పెరిగి పెట్రోల్ కాస్త ఎక్కువొస్తుంది, పికప్ అందుతుంది. ఆయిల్ మరీ పల్చనైతే తొక్కగానే బండి దగ్గుతుంది. అలా దగ్గినప్పుడు జెట్ల జోలికి వెళ్లకుండా ముందు ఈ మూత తిప్పి చూడండి.

పెట్రోల్ నిలవుండే ఫ్లోట్ గిన్నెలు కూడా ఓసారి విప్పి అడుగున మడ్డి తీసేయండి. గిన్నె పక్కనుంచి పెట్రోల్ కారుతుంటే, గిన్నె నిండాక పెట్రోల్ ఆపే ఫ్లోట్ నీడిల్ మార్చాల్సిందే. రెండు గిన్నెల్లోనూ పెట్రోల్ ఒకే ఎత్తున లేకపోతే ఇక మిగతా పనంతా వృథా.

గాలి సమం చేయడం

ఇంజిన్ ఇంకా ఆపే ఉంది. రెండు కార్బురేటర్ల థ్రాటిల్ కడ్డీల్ని కలిపే క్లిప్పుల బోల్టులు వదులు చేయండి. చల్లటి ఇంజిన్‌కి పెట్రోల్ ఎక్కువిచ్చే చోక్ కడ్డీ క్లిప్పులు కూడా. ఇప్పుడు ఎద్దులు రెంటినీ కాడి నుంచి విప్పేశాం, దేని నడక దానిదే.

ఐడ్లింగ్ స్క్రూలు రెండూ పూర్తిగా వెనక్కి తిప్పి, మళ్లీ లివర్‌కి తగిలీ తగలనట్టు తెచ్చి, అక్కడినుంచి ఒక్కో చుట్టు బిగించండి. జెట్ల కోసం పిస్టన్ ఎత్తి గొంతులోకి టార్చి వేసి చూడండి. గట్టు మధ్యలో జెట్ మూతి కనిపిస్తుంది. అడుగున ఆరు పలకల నట్టు ఉంటుంది. పైకి బిగిస్తే జెట్ లేచి పెట్రోల్ తగ్గుతుంది, కిందికి వదిలితే పెరుగుతుంది. మూతి గట్టుతో సమంగా వచ్చేదాకా పైకి తెచ్చి, అక్కడినుంచి 12 పలకలు, అంటే రెండు చుట్లు కిందికి దించండి. రెంటికీ అంతే.

ఇప్పుడు స్టార్ట్ చేసి ఇంజిన్ బాగా వేడెక్కనివ్వండి. వీలైతే ఒక రౌండు తిరిగి రండి. చల్లటి ఇంజిన్ మీద చేసిన ట్యూనింగ్ గంటలో తప్పుతుంది.

గొంతులో గాలి వినడానికి గొట్టం కావాలి. నాది అక్వేరియం పంపు గొట్టం. ఒక కొస చెవిలో, రెండో కొస కార్బురేటర్ మూతిలో. రెంటిలోనూ సరిగ్గా ఒకే చోట, ఒకే లోతులో పెట్టండి, అర అంగుళం జరిగినా శబ్దం మారిపోతుంది. లోపల గాలి 'సుస్స్' మంటుంది, కుక్కర్ విజిల్ వేయడానికి ముందు ఆవిరి లీకయినట్టు. ముందుదాంట్లో వినండి, వెనకదాంట్లో వినండి, మళ్లీ ముందుకి. మొదట్లో రెండూ ఒకటిగానే ఉన్నాయనిపిస్తుంది. కళ్లు మూసుకుంటే తేడా తెలుస్తుంది: ఒకటి సన్నగా, ఒకటి బరువుగా. గట్టిగా వినిపించేదాని స్క్రూ కాస్త వదులు చేయండి, మెల్లగా ఉన్నదాన్ని కాస్త బిగించండి. పావు చుట్టుకి మించి ఎప్పుడూ తిప్పొద్దు.

గాలి కొలిచే మీటర్లు అమ్ముతారు, ఉంటే వాడండి. నేను చెవినే నమ్ముతాను. ఒకటి మాత్రం చెప్పాలి, ఆటోనగర్ మెయిన్ రోడ్డు పక్కన లారీల హారన్ల మధ్య ఇది జరిగే పని కాదు.

రెండూ సమమయ్యాక ఐడ్లింగ్ 800 ఆర్పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గరికి తెండి, రెండు స్క్రూలూ ఒకే లెక్కన తిప్పుతూ.

మిక్చర్

ఇప్పుడు జెట్ నట్లు. రెండు నట్లూ ఒక్కో పలక చొప్పున కిందికి, లేదా పైకి. తిప్పాక పది సెకన్లు ఆగండి. ఇంజిన్ అన్నిటికంటే వేగంగా, నిలకడగా తిరిగే చోటు ఒకటుంటుంది, అది పట్టుకోండి. అక్కడినుంచి రెంటినీ పైకి బిగిస్తూ పోతే సరిగ్గా ఒకచోట రేస్ (ఇంజిన్ వేగం) కొంచెం పడిపోతుంది. అక్కడ ఆగి ఒక్క పలక వెనక్కి, అంటే కిందికి తిప్పండి.

మూడు నిమిషాలకోసారి 2500 ఆర్పీఎం దగ్గర అర నిమిషం రేస్ ఇచ్చి ఇంజిన్‌కి గొంతు సవరించండి. లేకపోతే ఐడ్లింగ్‌లో ప్లగ్గులకి మసి పట్టి మీరు వినేదంతా అబద్ధమవుతుంది.

ఇప్పుడు ఒక్కోదాన్నీ విడిగా పరీక్షించాలి. డాష్‌పాట్ కింద బాడీకి పక్కగా ఒక చిన్న పిన్ను ఉంటుంది. పైకి నొక్కండి. మొదట ఖాళీగా కదులుతుంది, తర్వాత పిస్టన్‌కి తగిలినట్టు వేలికి తెలుస్తుంది. అక్కడినుంచి పిస్టన్‌ని మిల్లీమీటరు కూడా ఎత్తొద్దు, 0.8 మిల్లీమీటరు చాలు. చెవి ఇంజిన్ మీద పెట్టండి. రేస్ పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోల్ ఎక్కువైంది, నట్టు ఒక పలక పైకి. వెంటనే రేస్ పడిపోయి ఆగిపోబోతే తక్కువైంది, ఒక పలక కిందికి. ఒక్క క్షణం రవ్వంత పెరిగి మళ్లీ మామూలైతే సరిగ్గా ఉన్నట్టు.

ముందుది చూశాక వెనకది, ఆ తర్వాత మళ్లీ ముందుది. రెంటినీ కలుపుతూ మానిఫోల్డులో గాలి దారి ఉంది కాబట్టి ఒకటి మారిస్తే రెండోదాని మీద పడుతుంది. రెండు మూడుసార్లు తిరగాల్సిందే. సైలెన్సర్ దగ్గర సౌండ్ కూడా వినండి. పెట్రోల్ తక్కువైన బండి తడబడుతూ, చిందరవందరగా మిస్ అవుతుంది, పొగకి రంగుండదు. ఎక్కువైంది లయగా మిస్ అవుతుంది, పొగ నల్లగా ఉంటుంది.

ఇక్కడ మన బంకుల సంగతి చెప్పాలి. ఇప్పుడు దొరికే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్. మామూలు పెట్రోల్ ఒక కిలో మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఈ మిశ్రమానికి 13.5 చాలు. అంటే పాత సెట్టింగ్ అలాగే ఉంచితే బండికి పెట్రోల్ తక్కువైనట్టే లెక్క. నా బండికి పాతదానికంటే రెండు పలకలు కిందికి దించితే గానీ ఐడ్లింగ్ కుదరలేదు. మీకు ఇంకోలా ఉండొచ్చు, పిన్ను చెప్పినట్టు వినండి. ఐడ్లింగ్ కుదిరినా హైవే మీద వేగంగా పోతున్నప్పుడు పెట్రోల్ చాలకపోతే నట్టుతో పని కాదు, లావు తక్కువ ఉన్న నీడిల్ వేయాలి. పాత రబ్బరు గొట్టాలనీ కార్క్ ప్యాకింగ్‌లనీ ఇథనాల్ తినేస్తుంది, అవన్నీ దానికి తట్టుకునే రకంవి మార్పించండి. గొట్టం చివర వేలితో వంచి చూడండి, సన్నటి పగుళ్లు కనిపిస్తే ఆ రోజే మార్చాలి. కింద ఎగ్జాస్టు కాచుకుని ఉంది.

మళ్లీ కాడికి కట్టడం

మిక్చర్ మారింది కాబట్టి గొట్టంతో మరోసారి గాలి వినండి, సరిచేయండి. ఇంజిన్ ఆపేయండి.

థ్రాటిల్ కడ్డీ బిగించడంలోనే చాలామంది చేసిందంతా చెడగొట్టుకుంటారు. ఎంజీబీ తరహా అమరికలో కడ్డీ లివర్ పిన్ను, థ్రాటిల్ మీది చీలిక లివర్‌లో కూర్చుంటుంది. పిన్నుకీ చీలిక అడుగుకీ మధ్య 0.012 అంగుళం ఫీలర్ (సందు కొలిచే రేకు) పెట్టి, లివర్‌ని మెల్లగా దాని మీదికి ఒత్తిపట్టి క్లిప్పు బిగించండి. వెనకదానికీ అదే ఫీలర్, అంతే ఒత్తిడి. ఆ సందు వల్ల ఐడ్లింగ్‌లో దేని స్క్రూ మీద అది ఆగుతుంది, కాలు వేయగానే రెండూ ఒకేసారి కదులుతాయి.

ఇప్పుడు ఇంకొకరి సాయం కావాలి. మా అబ్బాయిని నిద్ర లేపేది ఈ ఘట్టంలోనే. అతను యాక్సిలరేటర్‌ని 1500 దగ్గర కదలకుండా తొక్కిపట్టాలి, మీరు గొట్టంతో మళ్లీ రెండు గొంతులూ వినాలి. ఐడ్లింగ్‌లో సమంగా ఉండి ఇక్కడ తేడా వస్తే తప్పు క్లిప్పులదే. వదిలేసి మళ్లీ ఫీలర్ పెట్టండి. రోడ్డు మీద బండి ఐడ్లింగ్‌లో నడవదు కదా, నాకైతే ఈ 1500 పరీక్షే అసలైనది.

చోక్ మన దగ్గర జనవరి పొద్దుట్లో తప్ప పెద్దగా పనిలేదు. లాగినప్పుడు జెట్లు రెండూ ఒకేసారి దిగుతున్నాయా, వదిలాక రెండూ పూర్తిగా పైకి వచ్చాయా చూసి క్లిప్పులు బిగించండి. ఒకటి కిందే ఉండిపోతే ఆ పక్క సిలిండర్లు పెట్రోల్ తాగేస్తాయి.

రోడ్డు మీద

ఫిల్టర్లు బిగించి, పిన్ను పరీక్ష ఒకసారి చేసి బయల్దేరండి. నేను బెంజి సర్కిల్ దాటి వారధి మీదుగా మంగళగిరి వైపు హైవే ఎక్కుతాను. టాప్ గేర్‌లో 40కి దింపి, ఒక్కసారిగా కాకుండా నిలకడగా తొక్కుతూ 80 దాకా వెళ్లండి. మధ్యలో ఎక్కడైనా తటపటాయిస్తే ఏ వేగంలో జరిగిందో గుర్తుపెట్టుకోండి. అలా ఐదారు కిలోమీటర్లు పోయాక, ఎడమ పక్కన ఖాళీ స్థలం చూసుకుని, క్లచ్ తొక్కి, ఇంజిన్ ఆపేసి, ఉన్న ఊపుతోనే పక్కకి వచ్చి ఆగండి. బ్రేకు బూస్టర్ ఉన్న బండైతే ఇంజిన్ ఆపాక బ్రేకు గట్టిగా తొక్కాలి, వెనక లారీ ఉందేమో ముందే చూసుకోండి.

ప్లగ్గులు విప్పి వరసగా బానెట్ మీద పాత గుడ్డ వేసి పేర్చండి. వేడిగా ఉంటాయి. ఇప్పటి పెట్రోల్‌తో రంగు పాతరోజులంత కచ్చితంగా చెప్పదు గానీ, నాలుగూ పక్కపక్కన పెట్టి పోలిస్తే విషయం తెలుస్తుంది. లేత బిస్కెట్ రంగు బాగున్నట్టు. 1, 2 మసిగా, 3, 4 తెల్లగా ఉంటే ముందుదాని నట్టు పైకి, వెనకదాన్ని కిందికి, ఒక్కో పలక. 1, 2, 3 బాగుండి 4 ఒక్కటే మసిగా ఉంటే అది కార్బురేటర్ పని కాదు, ఆ ప్లగ్గో తీగో వాల్వో చూడండి.

అంతా కుదిరాక నట్ల మీదా బాడీ మీదా నెయిల్ పాలిష్‌తో ఒక గుర్తు పెట్టండి. గట్టుతో సమంగా ఉన్నప్పటి నుంచి ఎన్ని పలకలు దించారో కాగితం మీద రాసి బానెట్ లోపల అంటించండి. నాది ముందు 14, వెనక 13. వచ్చే ఎండాకాలం ఏమైనా తేడా చేస్తే మళ్లీ 12 నుంచి మొదలెట్టక్కర్లేదు.